ఇష్క్ తెమ్మంటే ఇసక తెచ్చిన పెంచలమ్మ

రండి, రండి! చెప్పులు ఆ పందిరి కింద ఇడిచి, పిడికిట్లో ఇసక జారకుండా పట్టుకోండి. పెన్న ఒడ్డున ఇసక దర్గా అంటే ఇదే. ఇయ్యాల గంధం పండగ. డప్పులు మోగతన్నాయి, ఊదు పొగ లేచింది, జనం ఏటి దాకా ఉన్నారు! ఇక్కడ టెంకాయ కాదు, పూలు కాదు, ఇసకే ఎందుకో చెప్తా, వినండి.

పూర్వం ఇక్కడ ఒట్టి బంకమట్టి నేల. కమాల్ షా అనే ఫకీరు గుడిసేసుకోని ఉండేవాడు. కోతల కూలికి పోయే పెంచలమ్మకి ఒక్కతే కూతురు, బంగారి. ఏడేళ్ళ పిల్ల, అమ్మవారు పోసి పోయింది. పెంచలమ్మ ఏడవలా. నేరుగా వచ్చి గుడిసె ముందు నిలబడింది.

"సాయిబూ, మీ దేవుడో మా దేవుడో, నా బిడ్డని తీసకపోయినోణ్ణి ఒక్కసారి చూపీ. మొహం మీదే అడగాల."

"చూపిస్తానమ్మా. ఆయన దగ్గరికి ఉత్త చేతుల్తో పోకూడదు. ఇష్క్ తే," అన్నాడు ఫకీరు.

ఆమెకి తురకమాట ఏం తెలుసు? ఇసక అనుకుంది.

"ఎంత?"

"నీకు చాలనిపించిందాకా."

మర్నాటి నించి రోజూ పొద్దున్నే ఏటికి పోయి, గంపెడు ఇసక నెత్తిన మోసకొచ్చి గుడిసె ముందు పోసేది. మొదట్లో దారంతా దేవుణ్ణి తిట్టింది. తిట్లు అయిపోయినాక బంగారి సంగతులు చెప్పింది. పిల్లకి చింతకాయలంటే ప్రాణమని, నిద్దట్లో నవ్వేదని. ఆ తర్వాత తను వొండిన కూర సంగతి కూడా చెప్పేది. ఎండ మండితే, "నువ్వూ నీడకి రా సామీ" అనేది.

నలభయ్యో రోజు ఫకీరు శిష్యుడు జాఫర్ పగలబడి నవ్వాడు. "పెంచలమ్మక్కా, ఇసక కాదు, ఇష్క్! అంటే ప్రేమ!"

గంప కింద పడింది. "నలభై రోజులు చూస్తా నోరు మూసుకున్నావా సచ్చినోడా!"

ఫకీరు బయటికొచ్చాడు. "జాఫర్, ఇరవై ఏళ్ళుగా నువ్వు మాట నేర్చుకున్నావు. ఆమె సరుకే తెచ్చింది. రా తల్లీ, ఆయన్ని చూపిస్తా. అడుగుదువు."

"ఇంకెవర్ని చూపిస్తావు సాయిబూ? దారి పొడుగునా నా పక్కనే నడిచొచ్చినాడు గదా," అంది పెంచలమ్మ. "అడగడమే మర్చిపోయినా."

ఫకీరు ఆ ఇసకని కళ్ళకద్దుకున్నాడు. పోయేటప్పుడు, తనని అందులోనే పెట్టమన్నాడు. ఆయన గోరీ ఆ కుప్ప మీదే ఉంది.

ఇప్పటికీ ఏటి నించి నడిచే తేవాల. ఆటోలో తెచ్చిన ఇసక దర్గా చూసుకునే ముజావరు ముట్టుకోడు. దారంతా మనసులో ఉండేది దేవుడికి చెప్పుకోవాల, తిట్టినా తప్పు లేదు. ఇక్కడికొచ్చేసరికి ఏం అడగాలో మర్చిపోయినోళ్ళు ధన్యులు.

అదిగో, తలుపు తీశారు! పదండి, పోయండి!