గుమ్మం దగ్గర మాట

రాజు పేరు ఎవరికీ గుర్తులేని ఒక ఊళ్ళో వైద్యశాల ఉండేది. రోగుల్ని డోలీలో మోసుకొచ్చేది ముత్యాలు, లోపల వాళ్ళకి సేవ చేసేది నాంచారి. ఇద్దరికీ గుమ్మం దగ్గర రోజూ ఎకసెక్కాలే.

“దారంతా కుదిపి, బాగున్న ఎముకలు కూడా విరగ్గొట్టి తెచ్చావా?” అనేది నాంచారి.

“ప్రాణం పోకుండా తెచ్చేది మేము, పేరు మాత్రం మీకు!” అనేవాడు ముత్యాలు.

ఈ సంగతి దివాను చెవిన పడింది. “రోగిని గుమ్మంలో దించి వెళ్ళిపోవాలి. మాట వినబడితే ఇద్దరి కొలువూ ఊడుతుంది” అని ఆజ్ఞ వేశాడు.

ఆ వానాకాలమంతా డోలీ చప్పుడు వినగానే నాంచారి పరుగెత్తేది. వెళ్ళిపోతున్న ముత్యాలు వీపు మాత్రమే కనిపించేది. వీపుతో ఏం ఎకసెక్కమాడుతుంది?

ఎండలు ముదిరాక ఒకనాడు డోలీలో స్పృహలేకుండా దివానే వచ్చాడు. కళ్ళు తెరిచేసరికి ఒకామె వాత పెట్టడానికి ఇనుము కాలుస్తోంది, ఇంకొకామె కాలికి బద్దలు కడుతోంది, నాంచారి వాంతుల మందు పట్టుకుని నిలబడింది.

“నాకేమైంది?”

“అదే తెలియదయ్యా. పాము కరిచిందో, విషం తిన్నారో, కాలు విరిగిందో! అందుకే అన్నిటికీ చేస్తున్నాం.”

“తెచ్చినవాణ్ణి అడగకూడదూ?”

“మాట్లాడొద్దన్నది తమరే కదయ్యా.”

“ముందు వాణ్ణి పిలువు!”

ముత్యాలు వచ్చాడు. “ఉపవాసముండి ఎండలో తిరిగి సొమ్మసిల్లారు. మజ్జిగ చాలు. మీ కషాయం పడిందంటే మళ్ళీ మోయాల్సింది మేమేగా!”

“విన్నావుగా, మజ్జిగ తే!” అని అరిచాడు దివాను.

నాంచారి ముత్యాలు మొహం మీంచి చూపు తిప్పలేదు.

“సరిగా వినపడలేదు. మళ్ళీ మొదట్నుంచి చెప్పు” అంది.