ఏరిన గింజలు

ఒక రాజ్యంలో అందరూ తెల్లన్నమే తినేవారు. అన్నం ఎంత తెల్లగా ఉంటే ఆ ఇంటికి అంత పరువు. వడ్లు దంచి ఊక తీసి, అది చాలదన్నట్టు తవుడు కూడా రాలిపోయేదాకా మళ్ళీ దంచి, ఆ తవుడు గేదెలకు పెట్టేవారు. గేదెలు నిగనిగలాడేవి. ఆడవాళ్ళు పాలిపోయేవారు.

ఆ రాజ్యంలో ఒక ఇంట్లో అత్తా కోడలూ ఉండేవారు. కొడుకు పొద్దస్తమానం పొలంలోనే. కోడలికి ఏడో నెల. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, వంగి లేస్తే కళ్ళు బైర్లు. మంత్రసాని వచ్చి ఆమె కింది రెప్ప లాగి చూసి పెదవి విరిచింది.

"లోపలంతా సున్నం కొట్టినట్టుంది. ఒంట్లో నెత్తురు లేదమ్మా. కాన్పులో పోయేంత పోయాక ఇంకా మిగలాలి కదా! నిరుడు పక్కవీధి పిల్ల సంగతి చూశారుగా."

అత్త చెవులు మూసుకుంది. కోడలు మూసుకోలేదు.

ఆ నెలలోనే రాజుగారి కొఠారు నుంచి వచ్చిన బియ్యంలో కొత్త గింజలు కనిపించాయి. అక్కడొకటి, ఇక్కడొకటి. చూడబోతే బియ్యపు గింజే. కాకపోతే రంగు కాస్త తేడా, కొన కాస్త మొద్దు. కడిగితే కొన్ని నీళ్ళమీద తేలేవి. రాజుగారు వాటి గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

చేట పట్టడంలో అత్తను మించినవాళ్ళు ఆ వీధిలో లేరు. రాయి గానీ మట్టిబెడ్డ గానీ ఆమె వేళ్ళను దాటిపోయేది కాదు. కొత్త గింజ మాత్రం ఎలా దాటుతుంది?

పక్కింటామె గోడమీంచి తొంగిచూసింది.

"ఏరెయ్, ఏరెయ్ వదినా! మైనమట అది. మైనంతో గింజలు పోయించాడట రాజు."

"మైనమైతే పొయ్యిమీద కరగాలిగా పిన్నీ?" అంది కోడలు.

"అబ్బో, వచ్చిందండీ తర్కం! కరగదట. అదే దాని మాయట. కడుపులోకి పోయి అక్కడే అతుక్కుంటుందట. అందులోనూ నీలాంటివాళ్ళు తింటే..." కోడలి కడుపు వంక చూసి ఆగింది. "ఎందుకులే, నా నోటితో నేనెందుకనాలి?"

అనాల్సిందంతా అనేసినట్టే అయింది.

ఆ పూట నుంచి అత్త ఇంటికి వండే బియ్యం రెండుసార్లు ఏరేది. కోడలికని పక్కన పెట్టిన బియ్యం మళ్ళీ వెలుతుర్లోకి తెచ్చుకుని ఇంకోసారి ఏరేది. ఏరిన గింజలు పెరట్లోకి విసిరితే పిచ్చుకలు వాలేవి. ఇదంతా ఆమె ప్రేమతోనే చేసింది. దాంట్లో అనుమానం లేదు.

కోడలికి మాత్రం ఆ గింజ పంటికింద పడకుండానే పంటికింద రాయిలా తయారైంది. చెడ్డదైతే రాజు ఎందుకు కలుపుతాడు? మంచిదైతే ఎందుకు చెప్పడు? ఒకనాడు పొద్దున్నే కొంగు బిగించి బయలుదేరింది.

"ఈ ఒంటితో ఎక్కడికే?" అంది అత్త.

"ఈ ఒంటికోసమే అత్తయ్యా."

రాజుగారి సభలో ఆమె దండం పెట్టింది గానీ తల దించలేదు.

"మా బియ్యంలో ఏం కలిపారు?"

మంత్రి విసుక్కున్నాడు. "మంచిదే కలిపాం. తినమ్మా, వెళ్ళు."

"మంచిదని మీరంటున్నారు. మైనమని మా వీధి అంటోంది. మీరు నాతో మాట్లాడటం ఇదే మొదలు. మా వీధి నాతో రోజూ మాట్లాడుతుంది. ఎవర్ని నమ్మమంటారు?"

భటులు కదిలారు. రాజు చెయ్యెత్తి ఆపాడు.

"ఇనుము," అన్నాడు. "ఇనుమూ, నెత్తురు పట్టడానికి కావలసిన ఇంకొన్ని సత్తువలూ బియ్యప్పిండిలో కలిపి గింజలు చేయించాం. తవుడుతో పాటు మీరు పారేసుకుంటున్నది కొంత అందులో ఉంది. ఆడవాళ్ళు కాన్పుల్లో పోతున్నారని వైద్యులు మొత్తుకున్నారు."

"ఆ మాట మాకెందుకు చెప్పలేదు?"

"చెబితే భయపడతారని."

"చెప్పకపోబట్టే భయపడ్డాం. మీరు మా మేలే కోరారు, కాదనను. కానీ మా నోట్లోకి పోయేదేమిటో మాకు చెప్పకుండా పెట్టడానికి మేం గేదెలమా మహారాజా?"

మంత్రి ముఖం కందగడ్డ అయింది. రాజు ఆమె వంక చూశాడు, ఆమె కడుపు వంక చూశాడు.

"దండోరా వేయించండి," అన్నాడు చివరికి.

ఆమె మరోసారి దండం పెట్టి ఇంటిదారి పట్టింది.

దండోరా వీధివీధీ తిరిగింది. ఆ గింజలో బలం ఉంది, ఏరకండి, అన్నంలో కలిపే వండుకోండి, అని. పక్కింటామె గోడమీంచి, "నేను ముందే అనుకున్నా వదినా, ఇందులో ఏదో మంచి ఉందని!" అంది. కోడలు నవ్వలేక నవ్వింది. ఆ మధ్యాహ్నం కడుపుమీద చెయ్యేసుకుని, చాన్నాళ్ళకు నిశ్చింతగా కునుకు తీసింది.

తొమ్మిదో నెలలో మంత్రసాని మళ్ళీ వచ్చి రెప్ప లాగి చూసింది. లోపల అదే సున్నం. ఈసారి పెదవి కూడా విరవలేదు.

"ఆ గింజలన్నం తింటున్నావా?"

"రోజూ తింటున్నాను."

"తింటే ఇలా ఉంటుందా?" అని అత్త వంక ఒకసారి చూసి, పురుడుకి వేడినీళ్ళు, పాతబట్టలు సిద్ధం చేసుకోమని వెళ్ళిపోయింది.

కోడలు గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచింది. ఆమెకంటే ముందే వెళ్ళిన అత్త కిటికీ దగ్గర కూర్చుని బియ్యం ఏరుతోంది. ఇదివరకటి కంటే నెమ్మదిగా, ఇదివరకటి కంటే శ్రద్ధగా. ఏరిన గింజలు పెరట్లోకి పోవడం లేదు. పక్కనున్న ఇత్తడి గిన్నెలోకి పోతున్నాయి.

"అత్తయ్యా! విషం కాదని చెప్పారుగా. ఇంకా ఏరుతున్నారేం?"

"విషం కాదు గనకే ఏరుతున్నా," అంది అత్త, తల ఎత్తకుండా. "బలమటగా. ఇన్నాళ్ళూ పిచ్చుకల పాలు చేశాను, బుద్ధిలేక. వాడు ఎండనపడి పొలంలో తిరిగేవాడు. ఇవి వేసి వాడికి విడిగా వండుతున్నా. వీధిలో అందరూ మగవాళ్ళకి ఇలాగే పెడుతున్నారు."

కోడలు చేటలోకి చూసింది. మిగిలిన బియ్యం మల్లెపువ్వుల్లా ఉంది. ఒక్క కొత్త గింజ లేదు. వీధంతా భయపడ్డప్పుడు ఆమె కంచంలోకి వచ్చింది ఈ తెల్లన్నమే. వీధంతా నమ్మాకా వచ్చింది ఇదే.

రాజు ముందు లేచిన నోరు ఇక్కడ లేవలేదు. మెల్లగా అత్త పక్కన కూర్చుని, ఆమె చెయ్యి తీసుకుని తన చెయ్యి పక్కన పెట్టింది. రెండింటి గోళ్ళూ ఒకే తెలుపు.

"మీరు తింటున్నారా అవి?"

"ముసలిదాన్ని, నాకెందుకే బలం?" అత్త చెయ్యి లాక్కుంది. "నేనూ ఇలాంటి ఒంటితోనే కన్నాను."

"ఎంతమందిని?"

"నలుగుర్ని."

"ఎంతమంది మిగిలారు?"

అత్త వేళ్ళు బియ్యంలో ఆగిపోయాయి. మిగిలిన ఆ ఒక్కడు పొలం నుంచి వచ్చే వేళవుతోంది.

కోడలు ఇత్తడి గిన్నె ఎత్తి చేటలో గుమ్మరించింది. అరచేత్తో కలియబెట్టింది. ఆ పూట పొయ్యిమీద ఒక్క కుండే ఎక్కింది. ఉడికాక ఏ గింజ ఏదో పట్టుకోవడం అత్త వేళ్ళ వల్ల కూడా కాలేదు.

కోడలు రెండు కంచాలు వాల్చింది.

"వాడింకా రాలేదే!" అంది అత్త. ఆ ఇంట్లో మగవాడు తినకుండా ఆడవాళ్ళు ఏనాడూ తినలేదు.

"వస్తారు. కుండలో ఉంది," అని కోడలు అత్తకు వడ్డించి, తనూ వడ్డించుకుంది. పప్పు వేసింది.

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. అరుగు ఎక్కింది. గుమ్మం దగ్గర ఆగింది.

"అమ్మా, అన్నం పెట్టు," అన్నాడు కొడుకు, చెప్పులు విడుస్తూ.

అత్త లేవలేదు. తలొంచుకుని ముద్ద కలుపుతూనే ఉంది.