నాలుగోసారి చెప్పిన మాట

నాగమల్లేశ్వరయ్య గారిని ఏదడిగినా ఆ పూటకి జవాబు రాదు. చీరాలలో మగ్గం మీద నేస్తూనే తత్వం చెప్పిన మనిషి, "చూద్దాంలే నాయనా" అని ఊరుకుంటారు. శిష్యుడు కోటిలింగం ఒక సాయంత్రం, "గురువుగారూ, ఎదుటివాడు తట్టుకోలేడని తెలిసినప్పుడు అబద్ధమాడటం తప్పేనా?" అని అడిగినప్పుడూ అంతే అన్నారు.

నిజానికి అది ప్రశ్నలడిగే సమయం కాదు. మర్నాడు పొద్దున్నే పెద్దాయనకి కొలనోస్కోపీ, అంటే గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష. నాలుగు నెలలుగా రక్తం పడుతుంటే మొలలే కదా అని దాచుకున్నారు మహానుభావులు! నర్సు ముందే హెచ్చరించింది: "ఇది మీ ఏకాదశి ఉపవాసం కాదు తాతగారూ. పాలూ పళ్ళూ కూడా వద్దు, తేట నీళ్ళలాంటివే తాగాలి." పేగు ఖాళీ అయ్యేందుకు ఉప్పగా పుల్లగా ఉండే మందునీళ్ళు పావుగంటకో గ్లాసు. తాగడం, దొడ్డికి పరుగెత్తడం. ఆరో గ్లాసుకి ఆయన గోడ పట్టుకుని వచ్చి, "లోపల ప్రాణం తప్ప ఇంకేం మిగల్లేదురా" అన్నారు. చివరికి పచ్చటి తేట నీళ్ళే పోయాయి. అలాగే పోవాలట.

ఆస్పత్రిలో ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, చేతికి సూది పెట్టారు. "నొప్పి తెలీదు, మగతగా ఉంటుంది," అన్నాడు డాక్టరు. "లేచాక కాసేపు ఏం చెప్పినా గుర్తుండదు. అందుకే ఫలితం తోడొచ్చినవాళ్ళకి చెబుతాం." తోడొచ్చింది కోటిలింగమే. గురువుగారికి నా అన్నవాళ్ళు లేరు.

అరగంటకి డాక్టరు కోటిలింగాన్ని లోపలికి పిలిచాడు. గడ్డ ఉంది, ముక్క తీసి పరీక్షకి పంపుతున్నాం గానీ చూడ్డానికే మంచిగా లేదు, బాగా ఆలస్యం చేశారు అన్నాడు. 

గురువుగారు కళ్ళు తెరిచి, "ఏమన్నార్రా?" అన్నారు. కోటిలింగం ఉన్నదున్నట్టు చెప్పాడు. దేహం మనది కాదని ముప్పై ఏళ్ళు బోధించిన మనిషి దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చారు. కోటిలింగం ఆయన తల నిమురుతూ కూర్చున్నాడు. పది నిమిషాలు కునుకు తీసి లేచి, "ఏమన్నార్రా?" అన్నారు మళ్ళీ, మొహంలో అదే ఆశ. మళ్ళీ చెప్పాడు. అప్పుడే మొదటిసారి విన్నట్టు మళ్ళీ అదే ఏడుపు. మూడోసారీ అంతే. అయ్యో, ఒక్క చావు కబురు ఒకే మనిషికి ఎన్నిసార్లని మోస్తాడు! నాలుగోసారి అడిగేసరికి కోటిలింగం, ఎలాగూ మరిచిపోతారుగా అనుకుని, "ఏం లేదట గురువుగారూ, అంతా శుభ్రంగా ఉందట" అనేశాడు.

ఆయన మొహం విప్పారింది. "హమ్మయ్య! అయితే ఇడ్లీ పెట్టించరా, రెండు రోజులైంది" అన్నారు.

మరిచిపోలేదు. సరిగ్గా అప్పటికి మగత వదిలింది. సాయంత్రం ఇంటికొచ్చినవాళ్ళందరికీ అదే మాట పిలిచి పిలిచి చెప్పారు. మర్నాడు మగ్గం ఎక్కారు. వచ్చే ఏడాదికి నేసే చీర అంచు గురించి కూడా మాట్లాడారు. కోటిలింగం నిజం చెబుదామని రోజూ వచ్చేవాడు, ఆయన నవ్వు చూసి వెనక్కి పోయేవాడు. ఆస్పత్రి నుంచి ముక్క పరీక్ష కాగితం వచ్చింది. అందులో అనుమానానికి కూడా చోటు లేదు.

ఐదో రోజు కాళ్ళ మీద పడి అంతా చెప్పాడు. మూడుసార్లు చెప్పిన నిజం, మూడుసార్లు ఆయన ఏడవడం, నాలుగోసారి తను ఆడిన అబద్ధం, చేతిలో ఉన్న కాగితం. చెప్పి, "నన్ను కొట్టండి గురువుగారూ" అని భోరుమన్నాడు.

గురువుగారు కొట్టలేదు, ఏడవలేదు. కాగితం తీసుకుని మడత పెట్టారు.

"మూడుసార్లూ నీ దగ్గరే ఏడ్చానన్నమాట," అన్నారు. "ఈసారి మాత్రం నువ్వు కాసేపు బయట కూర్చో నాయనా."