తలపాగాలో తంగేడాకు

ఒకానొక రాజ్యంలో, దాని పేరుతో మనకేం పని లెండి, భువనకేసరి మహారాజుగారు ఉండేవారు. మనసు వెన్న. కానీ తమకు తెలియని సంగతి ఈ భూమ్మీద లేదని గట్టి నమ్మకం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం. ఆయన కొలువులో బొప్పన అనే చమత్కారి ఉండేవాడు. రాజుగారి డాంబికం చూసి చాటుగా నవ్వుకునేవాడు, ఆయనంటే ప్రాణం పెట్టేవాడు.

రాణి లక్కమదేవి గుట్టల సీమ ఆడపడుచు. ఆ సంబంధం కుదిర్చింది బొప్పనే. వానలు వెనకపట్టిన రోజుల్లో ఒకనాడు ఆమె, "మా పుట్టింటి గుట్టలన్నీ ఈపాటికి తంగేడు పూసి ఉంటాయి" అని నిట్టూర్చింది. అంతే. మరునాడు రాజుగారు వేట మానుకున్నారు. ఒక్క సేవకుణ్ణీ ముట్టనివ్వకుండా, తమ చేతులతోనే పసుపు పూల కొమ్మలు మోపెడు విరుచుకొచ్చి, నిండు కొలువులో రాణి ముందు పెట్టారు.

"ఇదిగో దేవీ, నీ తంగేడు!"

రాణి ఆత్రంగా ఒక కొమ్మ అందుకుంది. ఆకు చూసింది. ముఖం చిన్నబోయింది.

"ఇది తంగేడు కాదు ప్రభూ, కసివింద. రెండూ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. ఎవరైనా పొరబడతారు."

కొలువులో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజుగారికి ఒళ్ళు మండింది. పూలు తెచ్చిన ప్రేమ వెనక్కి పోయి, పంతం ముందుకొచ్చింది.

"నేను తెచ్చింది తంగేడే! కాదన్నవాళ్ళు ఎవరైనా సరే, ఈ రాజ్యం విడిచిపోవలసిందే. దండోరా వేయించండి!"

"అయితే ముందు పోయేదాన్ని నేనే. రేపు మధ్యాహ్నానికి పల్లకి సిద్ధం చేయించండి" అని రాణి లేచి వెళ్ళిపోయింది.

బొప్పన వెనకే అంతఃపురానికి పరుగెత్తాడు.

"తల్లీ, పువ్వు పేరు కోసం కాపురం వదులుకుంటారా?"

"పేరు కోసం కాదు బొప్పన్నా. ఆయన గడ్డి పువ్వు తెచ్చినా కళ్ళకద్దుకునేదాన్ని. కానీ నా కళ్ళు చూసినదాన్ని లేదనుకోమంటే ఎలా? ఇవాళ పువ్వు, రేపు మరొకటి. 'ఇది తంగేడు కాదు' అని ఆయన నోట ఒక్కసారి రానీ, ఉండిపోతాను." కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

బొప్పన దిగులుగా బయటికి వచ్చాడు. తాను చేతులారా కలిపిన జంట. ఆ పల్లకి కదిలితే ఇక తనకు ముద్ద దిగదు. పోనీ రాజుగారికి ఎదురుచెబుదామా అంటే, తానూ మూట కట్టుకోవలసిందే. అయినా చెబితే వినే మనిషైతే ఇంతదాకా ఎందుకు వస్తుంది?

తెల్లవారింది. ఆ పూట రాజుగారు ఏనుగెక్కి సేనలను చూసి రావాలి. పొద్దున్నే ఎండ చుర్రుమంటోంది. బొప్పన వినయంగా దగ్గరికి వెళ్ళాడు.

"ప్రభూ, ఎండన పడి పోయేవాళ్ళు తలపాగాలో తంగేడాకు పెట్టుకుంటారు కదా, చలువని. తమరు తెచ్చిన తంగేడునే తమరు తల మీద పెట్టుకుని ఊరేగితే, కాదనడానికి ఇంకెవరికి గుండెలుంటాయి?"

"భేష్! నేనూ అదే అనుకుంటున్నాను" అన్నారు రాజుగారు. పాపం, అనుకోలేదు.

బొప్పన ఆ మోపులోంచే దోసెడు ఆకు దూసి, తలపాగా మడతల్లో కూరి, బిగించి చుట్టాడు.

కోటవాకిలి దాటేసరికి ఆకు నలిగింది. సంతవీధి చేరేసరికి చెమటకు తడిసింది. ఇక కంపు మొదలైంది. రాజుగారు ముక్కు చిట్లించి ముందు మావటివాణ్ణి చూశారు. తర్వాత ఏనుగును అనుమానించారు. ఆఖరికి వెనక్కి తిరిగి, అంబారీలో తమ వెనకే కూర్చున్న బొప్పన మీద పడ్డారు.

"ఏమయ్యా, ఏమిటీ కంపు?"

"కంపా ప్రభూ? తమ తంగేడాకు వాసన."

"నా తలకాయ! తంగేడాకు నేనెరగనా? చిన్నతనంలో ఎండన పోతుంటే మా అమ్మగారు రోజూ పెట్టి పంపేవారు. ఏనాడూ ఇలా కంపుకొట్టలేదు. ఇది తంగేడు కాదు!"

వీధి వీధంతా వింది. బొప్పన చేతులు కట్టుకున్నాడు.

"ఎంత పని చేశారు ప్రభూ! కాదన్నవాళ్ళు ఎవరైనా సరే రాజ్యం విడవాలని తమ దండోరాయే కదా. రాణిగారి పల్లకి వాకిట్లో సిద్ధంగా ఉంది. తమకు వేరే పల్లకి చెప్పమంటారా, అందులోనే సర్దుకుంటారా?"

రాజుగారు ఏనుగు మీద ఊగిపోతూ నవ్వడం మొదలుపెట్టారు.

"సరే, శాసనం శాసనమే. నన్ను ఏ దేశానికి తోలేస్తావు?"

"దగ్గరలో ఉన్నది తమ అత్తవారి దేశమే ప్రభూ. తంగేడు పూత రాలిపోయేదాకా అక్కడే శిక్ష అనుభవించి రండి."

ఏనుగు వెనక్కి తిరిగింది. వాకిట్లో రాణి పల్లకి ఎక్కి కూర్చుని ఉంది. రాజుగారు దిగి నేరుగా ఆమె దగ్గరికి వెళ్ళారు.

"దేవీ, అది తంగేడు కాదు. ఊరంతా వినేలా అన్నాను. నీ మనసు నొప్పించాను, మన్నించు. ఇంతకీ ఆ రెంటినీ ఎలా పోల్చావు?"

"తంగేడుకు ఆకుకాడ మొదట్లో రెండు వైపులా చిన్న చెవుల్లాంటివి ఉంటాయి ప్రభూ. కసివిందకు ఉండవు."

"ఓహో, చెవులుంటేనే మంచిదన్నమాట."

"మనుషుల్లోనూ అంతే" అని రాణి నవ్వి, ఒక పక్కకు జరిగి చోటిచ్చింది.

రాజుగారు ఎక్కబోతూ ఆగారు. కెంపుల తురాయితో సహా తలపాగా తీసి, బొప్పన తల మీద తమ చేతులతో పెట్టారు.

"ఇది నీ బహుమానం. కెంపులూ నీవే, కంపూ నీదే!"

పల్లకి కోట దాటి కనుమరుగయ్యేదాకా బొప్పన ఆ తలపాగా దించలేదు.