మునిరత్నమ్మ తెచ్చిన గడ్డలు

మూడేళ్లుగా వెంకోబకు ఒకటే బెంగ. గురువుగారు మారు అడగరు.

వంటవాడికి ఇంతకంటే పెద్ద బెంగ ఏముంటుంది చెప్పండి. తిన్నవాడు "బాగుంది" అంటే మర్యాదకు అన్నాడేమో అనుకోవచ్చు. అదే, ఆకు ముందుకు జరిపి "ఇంకాస్త వెయ్యి" అన్నాడనుకోండి, దానికి తిరుగులేదు. మఠానికి రాకముందు వెంకోబ పెళ్లిళ్లకు వండేవాడు. తన చేతి సాంబారు కోసం ముహూర్తాలు వాయిదా వేసుకున్న పెళ్లివారు కూడా ఉన్నారని చెప్పుకునేవాడు. కాస్త ఎక్కువే చెప్పుకునేవాడు. కానీ చెయ్యి మంచిది, ఆ మాట ఒప్పుకోవాలి.

అంతటివాడు ఒకరోజు ఉన్నట్టుండి గరిటె అవతల పారేసి, పలమనేరు దాటాక కొండల్లో ఉన్న చిన్న మఠానికి వెళ్లి అచలస్వామి కాళ్ల మీద పడ్డాడు.

"జ్ఞానం కావాలి స్వామీ" అన్నాడు.

"వంట వచ్చా?" అని అడిగారు స్వామి.

"వంటా? నన్నా అడుగుతున్నారు!"

"అయితే వంటింట్లో ఉండు."

అలా పారేసిన గరిటే మళ్లీ చేతికొచ్చింది. స్వామి అందరితోపాటు పంక్తిలో కూర్చునేవారు. పెట్టింది తినేవారు, ఆకు మడిచి లేచేవారు. వెంకోబ పక్కనే గిన్నె పట్టుకుని నిలబడి ఆ ముఖంలోకి చూసేవాడు. మారు అన్న మాట మాత్రం ఆ నోట రాలేదు. పోనుపోను జ్ఞానం సంగతి మరుగున పడింది. ఆ ఒక్క మాట చెవిన పడితే చాలనుకున్నాడు.

ఇదిలా ఉండగా ఒకసారి సంత నుంచి ఎవరో భక్తుడు మఠానికి బీట్‌రూట్ మూట పంపాడు. వెంకోబ కొబ్బరి వేసి కూర చేశాడు. మర్నాడు పెరుగుపచ్చడి చేశాడు. పంక్తిలో సగంమంది ఆకు చివరికి నెట్టేశారు. పిల్లలు ఆ ఎర్రరంగు బుగ్గలకు పూసుకుని ఆడుకున్నారు. ఒక ముసలాయన అయితే మొహమాటం లేకుండా అనేశాడు.

"మట్టి తిన్నట్టుంది కదప్పా!"

వెంకోబకు తల తీసేసినట్టయింది. వంటింట్లోకి వెళ్లి మిగిలిన గడ్డలకేసి చూశాడు. మీ పని చెబుతా ఉండండి అనుకున్నాడు.

ఆ అవకాశం త్వరలోనే వచ్చింది. అచలస్వామికి గురువైన పెద్దస్వామి ఆరాధనకు ముందురోజు మునిరత్నమ్మ అనే రైతు గోనెసంచి నెత్తిన పెట్టుకుని మఠం మెట్లెక్కింది. దించి మూతి విప్పితే అన్నీ బీట్‌రూట్ గడ్డలే. అప్పుడే పీకినవి. ఆకులు నిగనిగలాడుతున్నాయి, తడిమట్టి ఇంకా వదల్లేదు.

"సామీ, మా చేన్లో పండిన తొలి పంట. మా ఊర్లో ఇంతవరకూ ఎవురూ ఏసినోళ్లు లేరు. నేనేస్తే అందురూ నగినారు. ఆ మెరక నేల్లో గడ్డలు ఊరతాయామ్మే అన్నారు. ఊరినాయి. ఒక్కోటి చూడండి, పిడికిలంత!"

ఒక గడ్డ తీసి కొంగుతో తుడిచి స్వామి ముందు పెట్టింది. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"రేపు ఆరాధనలో ఇవే ఒడ్డించాల సామీ. మఠంలో నా గడ్డలు పెడతారు, వచ్చి తినండి అని ఊరంతా చెప్పేసినా."

స్వామి వెంకోబ వైపు తిరిగారు. "విన్నావు కదా. రేపు వీటినే వండు."

"స్వామీ, రేపు పంక్తిలో ఒక్క ముక్క ఆకు చివరికి పోయిందంటే నా పేరు మార్చుకుంటా" అన్నాడు వెంకోబ.

"వండు" అన్నారు స్వామి.

మర్నాడు తెల్లవారకముందే వెంకోబ నడుం బిగించాడు. జనానికి పడనివి రెండే, ఆ వాసన, ఆ రంగు. ఆ రెండూ తీసేస్తే సరి. గడ్డలు చెక్కు తీశాడు, కొన్ని కోశాడు, కొన్ని కోరాడు, ఉడికించి నీళ్లు వార్చేశాడు. మళ్లీ ఉడికించాడు, మళ్లీ వార్చేశాడు. గుడ్డలో వేసి పిండాడు. చింతపండు పులుసులో నానబెట్టి ఇంకోసారి పిండాడు. వంటింటి కాలువ పొడవునా ఎర్రనీళ్లు పారి అరటి పాదుల్లోకి పోయాయి. ఒక ముక్క నోట్లో వేసుకుని చూశాడు. ఏ రుచీ లేదు. భలే అనుకున్నాడు.

ఇక అక్కడినుంచి తన చేతివాటం చూపించాడు. కొన్ని ముక్కలకు శనగపిండి, కారం పట్టించి కరకరలాడేలా వేయించాడు. కోరినదాన్ని శనగపప్పు రుబ్బులో కలిపి, సోంపు, అల్లం దట్టించి వడలు వేశాడు. ఆకుల్లో ఎర్రకాడలన్నీ ఏరేసి పప్పు చేశాడు. మిగిలిన కోరుకు పాలకోవా, యాలకులు, కుంకుమపువ్వు చేర్చి నేతిలో హల్వా తిప్పాడు. పిడికిలికి తక్కువగా ఉన్న బుడ్డ గడ్డలు తురుముకు లొంగవని గంపలో వేసి మూలకు తోసేశాడు.

మధ్యాహ్నం వరండా పొడవునా ఆకులు వేశారు. మునిరత్నమ్మ ఊరివాళ్లు ఒక వరస నిండుగా వచ్చారు. ఆమె మంచి చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని, వాళ్ల మధ్య కూర్చుంది.

వడ్డన మొదలైంది. ఏం తిన్నారండీ ఆవేళ! వేపుడు పెట్టింది పెట్టినట్టు మాయమైంది. వడలకు పిల్లలు కొట్టుకున్నారు. ఆ మొహమాటం లేని ముసలాయన హల్వా మూడుసార్లు వేయించుకున్నాడు.

వెంకోబ వరసల మధ్య పెళ్లికొడుకులా నడిచాడు. "తాతా, ఏం వేపుడు ఇది చెప్పు చూద్దాం!"

"కంద. కందే కదప్పా!"

"హల్వా దేంతో చేశానంటావు?"

"క్యారెట్టు."

"పప్పు?"

"తోటకూర. చంటిబిడ్డనడిగినా చెప్తుంది."

వెంకోబ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుతోనే స్వామి ఆకు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. స్వామి అన్నీ తిన్నారు. ఆకులో మెతుకు మిగల్లేదు. వెంకోబ హల్వా గిన్నె కాస్త ముందుకు వంచాడు. స్వామి చెయ్యి అడ్డం పెట్టారు.

ఇక ఉండబట్టలేక చెప్పేశాడు. "స్వామీ, ఇదంతా బీట్‌రూటే. వేపుడు, వడ, పప్పు, హల్వా, అన్నీ! ఒక్కరంటే ఒక్కరు కనిపెట్టలేదు."

"ఒక్కరు కూడానా?"

"ఒక్కరు కూడా స్వామీ!"

"అదుగో, ఆ చివర ఆమె తినకుండా కూర్చుంది. ఏం కావాలో కనుక్కో."

వెంకోబ వెళ్లాడు. చూస్తే మునిరత్నమ్మ. ఆకులో వడ్డించినవన్నీ కాస్త కాస్త కొరికి వదిలేసి ఉన్నాయి. పక్కనున్న ఆడవాళ్లు ముసిముసిగా నవ్వుతున్నారు.

"ఏదిమే నీ గడ్డ? కందగడ్డ తినేదానికా మమ్మల్ని ఇంతదూరం నడిపిస్తివి?" అంటోంది ఒకామె.

మునిరత్నమ్మ వెంకోబను చూసి గొంతు తగ్గించి అడిగింది. "సామీ, నా గడ్డలు బాగలేకపాయనా?"

"ఎవరన్నారమ్మా?"

"వచ్చేటప్పుడు కాలవ చూసినా. అంతా ఎర్రగా పోతా ఉండింది. చెడిపోయినాయని పారబోసినట్టుండారు."

వెంకోబకు నవ్వొచ్చింది. "అయ్యో పిచ్చితల్లీ! నీ ఆకులో ఉన్నదంతా నీ గడ్డలే. ఆ వేపుడు నీదే, ఆ హల్వా నీదే."

ఆమె వేపుడు ముక్క మళ్లీ నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది. హల్వా వేలితో తీసి నాలుక మీద రాసుకుంది. తల అడ్డంగా ఊపింది.

"నా చేని గడ్డ రుచి నాకు తెలీదా సామీ? పీకినపూటే పచ్చిగా కొరికి చూసినా. ఇది అది కాదు."

"ఒట్టు తల్లీ, అదే."

"ఎందుకు సామీ నా మనసు నొచ్చుకుంటాదని అబద్ధం? బాగలేవంటే బాగలేవని చెప్పచ్చు. ఇంటికి మోసుకుపోయి గొడ్లకేసుకునేదాన్ని" అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తలలో పూలు సర్దుకోబోయి ఎంగిలిచెయ్యని గుర్తొచ్చి దించేసింది.

వెంకోబ చుట్టూ చూశాడు. "తాతా, నువ్వు చెప్పు. అది కంద కాదు, బీట్‌రూట్!"

"పో అప్పా! నాకు కంద తెలీదా?" అన్నాడు ముసలాయన. పంక్తంతా గొల్లున నవ్వింది.

వెంకోబ గెలుపే వెంకోబకు అడ్డం తిరిగింది. ఇంతమందిలో తన మాట నమ్మేవాడు ఒక్కడు లేడు. అలా నమ్మకుండా చేసింది తన చెయ్యే. మునిరత్నమ్మ ముఖంలోకి చూడలేకపోయాడు. నిన్న మెట్ల మీద ఆ ముఖం ఎలా ఉందో అతను చూశాడు కదా.

స్వామి లేచి చెయ్యి కడుక్కున్నారు. అది చూసి అందరూ ఆకులు మడవబోయారు.

"ఎవరూ లేవకండి. వంట ఇంకా కాలేదు" అన్నారు స్వామి.

నేరుగా వంటింట్లోకి వెళ్లారు. మూలనున్న గంప లాగారు. బుడ్డ గడ్డలు కడిగి, పొయ్యిలో కణకణలాడుతున్న నిప్పుల్లోకి చెక్కుతోనే తోశారు. పైన వేడిబూడిద కప్పి, పీట వేసుకుని కూర్చున్నారు. వెంకోబ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. బయట పంక్తిలో చేతులు ఎండిపోతున్నాయని గొణుగుళ్లు మొదలయ్యాయి.

చాలాసేపటికి స్వామి గడ్డలు పైకి లాగారు. బూడిద ఊది, బొటనవేలితో చెక్కు ఒలిచి, రెండేసి ముక్కలుగా విరిచి పళ్లెంలో పెట్టారు. చేతులు మణికట్టు దాకా ఎర్రబడ్డాయి. వంటింట్లోంచి వరండాలోకి వాసన పోయింది. తొలకరి పడ్డ చేనిగట్టు వాసన.

చివర కూర్చున్న మునిరత్నమ్మ తలెత్తింది.

"చెయ్యి కడుక్కుని రా తల్లీ" అని పిలిచారు స్వామి. "నువ్వే వడ్డించు."

వెంకోబకేసి చూశారు. "ఉప్పు తీసుకుని ఆమె వెనక నడు."

పెళ్లిళ్లకు వండిన వెంకోబ, పదిమంది సహాయకులను కసిరి పని చేయించిన వెంకోబ, ఉప్పుగిన్నె పట్టుకుని మునిరత్నమ్మ వెనక నడిచాడు. ఆమె ఒక్కో ఆకులో ఒక ముక్క పెట్టింది. పెట్టినప్పుడల్లా "మా చేన్లోవి" అంది. ఇతను దాని పక్కన ఉప్పు వేశాడు.

ముసలాయన కొరికి మొహం చిట్లించాడు. "మళ్లీ మట్టివాసనే కదమ్మే!"

"అవును పెద్దయ్యా. మా చేని మట్టి" అంది మునిరత్నమ్మ. గొంతులో బెదురు లేదు.

ముసలాయన ఇంకో కొరుకు కొరికి, దవడ ఆడిస్తూ ఆలోచించాడు. "తియ్యగుంది" అన్నాడు ఒప్పుకోలుగా. ఆమె ఊరి వరసలో నవ్వులు ఆగిపోయాయి. కంద అని వెక్కిరించినామె వేళ్లు నాకుతూ, "ఆ మెరక నేల్లోనే ఊరినాయామ్మే ఇయ్యి?" అని అడిగింది. ఎక్కడినుంచో మరొకామె వంటవాణ్ని మెచ్చుకుంది.

"బాగా చేసినావు సామీ."

"నేను కాదమ్మా. మునిరత్నమ్మగారి చేను" అన్నాడు వెంకోబ. ఆ మాట అనడానికి అతనికి ఏ కష్టమూ కలగలేదు.

స్వామి వచ్చి తన ఆకు ముందు కూర్చున్నారు. ఆయనకూ ఒక ముక్క పడింది. ఉప్పు అద్దుకుని తిన్నారు. వడ్డన ముగించి వాళ్లిద్దరూ వెనక్కి తిరిగి వస్తుండగా, ఆయన ఆకు రెండు చేతులతో ముందుకు జరిపారు.

"మారు" అన్నారు.

వెంకోబ కాళ్లు ఆగిపోయాయి. మూడేళ్లు కాచుకున్న మాట. పళ్లెంలోకి చూశాడు. ఒకే ఒక్క ముక్క ఉంది. మునిరత్నమ్మ అప్పటికే వంగి దాన్ని స్వామి ఆకులో పెట్టబోతోంది.

వెంకోబ ఆమె చేతిలోంచి పళ్లెం తీసుకున్నాడు.

"ఆమె ఇంకా తినలేదు స్వామీ."

"అయ్యో, సామి అడిగితే నాకా!" అంది ఆమె కంగారుగా.

"నువ్వు కూర్చో అమ్మా" అన్నాడు వెంకోబ. ఆమెను కూర్చోబెట్టి, కొత్త ఆకు వేసి, ముక్క మధ్యలో పెట్టి, పక్కన ఉప్పు వేశాడు. తిను అన్నట్టు తల ఊపి అక్కడే నిలబడ్డాడు.

స్వామి ఆకు వెనక్కి లాక్కుని మడిచారు.

"పెట్టవయ్యా, ఆమెకే పెట్టు" అన్నారు. "నా కడుపు నిండింది."