ఎవరూ పిలవని పేరు

ముందు గదిలో మీ వాళ్ళందరూ ఏం చేస్తున్నారో చూశావా అమ్మడూ? మీ పిన్ని బిడ్డకి పేరు వెతుకుతున్నారు. మూడు రోజులైంది. ఒకరు ఫోను చూసి చెబుతారు, ఒకరు పుస్తకం చూసి చెబుతారు, ఇంకొకరు మూతి విరుస్తారు. ముసలిదాని మాట ఎవరికి కావాలి! నువ్వు విను. పేరు పెట్టడం గురించి నాకొక కథ తెలుసు. ఊఁ కొట్టాలి మరి. నీ ఊఁ ఆగితే నా కథ కూడా ఆగిపోతుంది, ముందే చెప్పేశాను.

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో పడవ నడిపేవాళ్ళ ఇల్లు ఒకటి ఉండేది. ఆ ఇంటికి వరాలు అని ఒక కోడలు వచ్చింది. మంచి పిల్ల. పని నేర్చిన పిల్ల. గెడ పట్టి పడవ తోసిందంటే మగవాళ్ళు కూడా ఆగి చూడాల్సిందే.

కానీ పాపం ఆ పిల్లకి ఒక చిక్కు వచ్చి పడింది. ఆ రోజుల్లో ఆడవాళ్ళు మొగుడి పేరు పలకకూడదు. మామగారి పేరు పలకకూడదు. అత్తింటి పెద్దల్లో ఎవరి పేరూ నోట రాకూడదు, వాళ్ళు పోయి ఎన్నేళ్ళయినా సరే. పలికితే ఇంటికి కీడు అనేవారు. ఇక చూడు. వరాలు మొగుడి పేరు గోవిందు. మామగారి పేరు రాములు. బావగారి పేరు కిష్టయ్య. దేవుళ్ళందరూ వచ్చి ఆ ఇంట్లోనే కూర్చున్నారు!

శనివారం భజనలో ఊరంతా 'గోవిందా గోవింద' అంటుంటే, వరాలు మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. 'ఏమే, నీకు భక్తి లేదా?' అని పక్కవాళ్ళు ఏడిపించేవారు. 'ఉంది వదినా, నోరే లేదు' అనేది. వాళ్ళు నవ్వేవారు. తనూ నవ్వేది. ఇంటికొచ్చి మాత్రం ఏడ్చుకునేది.

కొన్నాళ్ళకి ఆ పిల్లకి కడుపు పండింది. అప్పుడు మనసులో ఒకటే అనుకుంది. 'నా బిడ్డకి దేవుడి పేరు పెట్టుకుంటాను. నేను పిలవగలిగే పేరు పెట్టుకుంటాను. అన్నానికి పిలిచినా, స్నానానికి పిలిచినా, కోప్పడి పిలిచినా నా నోట్లో దేవుడు ఉండాలి.' ఇంతకంటే ఇంకేమీ అడగలేదు పిచ్చితల్లి.

ఆడపిల్ల పుట్టింది. ఇరవయ్యొకటో రోజున బారసాల పెట్టుకున్నారు. ఆ ఊళ్ళో బారసాలకి ఒక పద్ధతి ఉండేది. మూడు పేర్లు అనుకుంటారు. మూడు ప్రమిదల్లో సమానంగా నూనె పోసి, ఒక్కో పేరుకి ఒక్కో దీపం వెలిగిస్తారు. ఏ దీపం ఆఖరున కొండెక్కుతుందో, ఆ పేరు బిడ్డది.

మొదటి పేరు పంతులుగారు చెప్పారు. 'చిన్మయి. అంటే జ్ఞానమే రూపంగా ఉన్న తల్లి' అన్నారు. అందరూ ఆహా అన్నారు.

రెండో పేరు వరాలు చెప్పింది. బాలింతరాలు మాట్లాడటమేమిటని కొందరు బుగ్గలు నొక్కుకున్నారు, అయినా చెప్పింది. 'తారిణి. మన పడవలో ఏరు దాటుతూ ఒక పురాణం చెప్పే అవ్వ చెప్పింది. అంటే దాటించే తల్లి అట' అంది. పంతులుగారు తల ఊపారు. 'దొడ్డ పేరమ్మా. మనల్ని ఈ సంసారం దాటించే అమ్మవారి పేరు' అన్నారు.

మూడో పేరు అత్తగారు చెప్పాలి. ఆవిడ సంగతి ముందు నీకు చెప్పాలి. గట్టి మనిషి. మాట గట్టి, చెయ్యి గట్టి, పద్ధతంటే ప్రాణం పెట్టేది. మామగారు పోయాక ఇల్లంతా ఆవిడే నడిపింది. ఆవిడ నోటితో ఏ పేరూ చెప్పలేదు. కొడుకు వైపు చూసి, 'మీ మామ్మ పేరు పెట్టరా' అంది.

అంటే ఎవరి పేరు? అత్తగారికి అత్తగారు, గోవిందుకి నాయనమ్మ. ఆవిడ పేరు నారాయణమ్మ. పంతులుగారు పొంగిపోయారు. 'నారాయణుడంటే నీళ్ళ మీద పవళించిన స్వామి. నీళ్ళ మీద బతికే ఇంటికి అంతకన్నా మంచి పేరు ఏముంటుంది? రోజుకి నూరుసార్లు బిడ్డని పిలిస్తే నూరుసార్లు స్వామిని తలుచుకున్నట్టే' అన్నారు.

అప్పుడు మూడు దీపాలూ వెలిగించారు. ఏటిగాలి ఒక్క విసురు విసిరింది. ముందుగా తారిణి దీపం కొండెక్కింది. ఆ తర్వాత చిన్మయి దీపం. నారాయణమ్మ దీపం మాత్రం నూనె అయిపోయేదాకా నిలిచి వెలిగింది. గోవిందు పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాసి, బిడ్డ చెవిలో మూడుసార్లు చెప్పాడు.

ఆ ఇంట్లో ఆ పేరు పలకడం అదే మొదలు, చాన్నాళ్ళ దాకా అదే ఆఖరు!

ఎందుకంటావా? లెక్క వేసుకో నువ్వే. వరాలు పలకకూడదు, అది అత్తింటి పెద్దావిడ పేరు. గోవిందు నాయనమ్మని పేరు పెట్టి ఎలా పిలుస్తాడు? 'మామ్మా, ఇలా రావే' అని పిలిచేవాడు. అత్తగారేమో 'పిల్లా' అనేది. వరాలు 'బుజ్జీ' అనేది. ఎంత గొప్ప పేరు పెట్టుకున్నారు! పెట్టెలో పెట్టిన పట్టుచీర అయిపోయింది అది. వీధిలో పిల్లలు మాత్రం 'నారాయణమ్మా, ఆటకి రా' అని గొంతు చించుకుని పిలిచేవారు. వాళ్ళు పిలిచినప్పుడల్లా వరాలు పని ఆపి వినేది. తనకి ఆ భాగ్యం లేదని ఎంత బాధపడేదో.

ఊఁ అనవేం? నిద్రొస్తోందా? అసలు కథ ఇప్పుడే కదే మొదలయ్యింది.

పిల్లకి ఐదేళ్ళు వచ్చాయి. ఏటి ఒడ్డున పుట్టిన పిల్లలకి ఒక మాట ఉగ్గుపాలతో నేర్పుతారు. మంచు పడ్డప్పుడు నీళ్ళ మీద ఎవరైనా పేరు పెట్టి పిలిస్తేనే పలకాలి. ఊరికే 'ఓ పిల్లా' అంటే పలకకూడదు. ఏట్లో మాయలు ఉంటాయట, అవి అమ్మ గొంతుతోనే పిలుస్తాయట, పలికితే అటే లాక్కుపోతాయట. మాయలున్నాయో లేవో నాకు తెలీదు. మంచులో ఎవరో ఎవరినో పిలిస్తే, వేరెవరో పలికి, పడవలు దారి తప్పేవి, అది మాత్రం నిజం.

పుష్యమాసం. ఒకరోజు పొద్దున్నే చెయ్యి చాపితే చెయ్యి కనబడనంత మంచు పడింది. అవతలి ఒడ్డున తీర్థం జరుగుతోంది, ఊళ్ళో వాళ్ళందరూ పిల్లాపాపలతో ముందురోజే పెద్ద పడవలెక్కి వెళ్ళిపోయారు, ఈ ముగ్గురే ఇంటి కాపలాకి ఉండిపోయారు. వరాలు గంజి కాస్తోంది. అత్తగారు వెనక దొడ్లో ఉంది. పిల్ల ఏం చేసింది? మోకు ముడి విప్పడం వాళ్ళ నాన్న దగ్గర కొత్తగా నేర్చుకుంది. రేవులో కట్టిన చిన్న దోనె ఎక్కింది, ముడి విప్పింది. 'చూశారా, నాకు వచ్చేసింది!' అనుకుని ఉంటుంది. అప్పుడే ఆటు మొదలైంది. అంటే ఏటి నీళ్ళు సముద్రం వైపు లాగుతున్నాయన్నమాట. దోనె మెల్లిగా కదిలి మంచులోకి వెళ్ళిపోయింది.

వరాలు గంజి గిన్నె పట్టుకుని వచ్చేసరికి రేవులో దోనె లేదు. బురదలో చిన్న చిన్న పాదాలు మాత్రం ఉన్నాయి. గిన్నె చేతిలోంచి జారిపోయింది.

'బుజ్జీ!' అని పిలిచింది. పలుకు లేదు.

'పిల్లా!' అని పిలిచింది. పలుకు లేదు.

'మామ్మా! ఓ మామ్మా!' అని మొగుడు పిలిచినట్టు పిలిచింది. ఊహూఁ.

ఆ పిల్ల దోనెలో కూర్చుని అంతా వింటూనే ఉంది! అమ్మ గొంతే. కానీ పేరు లేదు. ఇవి మాయలే అనుకుని, రెండు చేతులతో నోరు మూసుకుని, బుద్ధిగా కూర్చుంది. చెప్పిన మాట వినే పిల్లలు కూడా ఒక్కోసారి ఇలా ప్రాణం మీదికి తెస్తారు.

వరాలుకి అప్పుడు అర్థమైంది. పేరు పిలిస్తే తప్ప పలకదు. నోరు తెరిచింది. నాలుక కదల్లేదమ్మా. ఎన్నేళ్ళ అలవాటు! అంతలో అత్తగారు పరిగెత్తుకుంటూ వచ్చింది. వరాలు ఆవిడ కాళ్ళు పట్టేసుకుంది.

'అత్తా, నువ్వు పిలు! పేరు పెట్టి పిలు! దోనె సముద్రంలోకి పోతోంది!'

'నేనా?' అంది అత్తగారు. 'ఆవిడ నాకు అత్తే!'

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బిడ్డకి బంగారం లాంటి పేరు పెట్టుకున్నారు, కన్నతల్లి పిలవలేదు, నాయనమ్మ పిలవలేదు. పిలవగలిగే వీధి పిల్లలందరూ తీర్థంలో జీళ్ళు తింటున్నారు.

ఆ అత్తగారంటే నాకెంత గౌరవమో తెలుసా? అంత పద్ధతి మనిషి, ఒక్క క్షణం నిలబడింది, అంతే. చేతులు జోడించి ఆకాశం వైపు చూసింది. 'అత్తా! తిడితే నేను పైకొచ్చాక తీరిగ్గా తిట్టు. ఇప్పుడు మాత్రం నన్ను ఆపకు' అంది.

అప్పుడు పిలిచింది. మొదటిసారి గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారి వణికింది. మూడోసారి, 'నా-రా-య-ణ-మ్మా!' అని ఎలుగెత్తి పిలిచిందీ, అవతలి ఒడ్డు మారు పలికింది.

'ఆఁ! ఇక్కడున్నా నాయనమ్మా! ఆకలేస్తోంది!' అని మంచులోంచి చిన్న గొంతు వినబడింది.

వరాలు ఇక ఆగలేదు. ఒడ్డున ఉన్న తెప్ప నీళ్ళలోకి తోసి, గెడ అందుకుంది. 'నారాయణమ్మా!' అని తనూ పిలిచింది. మొదటిసారి, అయిదేళ్ళ తర్వాత! 'ఆఁ' అంది పిల్ల. మళ్ళీ పిలిచింది. మళ్ళీ 'ఆఁ' అంది. పిల్ల పలికిన వైపే గెడ వేసుకుంటూ వెళ్ళింది. సముద్రం హోరు చెవులకి వినబడుతోంది. తెప్ప ఊగుతోంది. ఏడుస్తూనే పిలిచింది, పిలుస్తూనే గెడ వేసింది. చివరికి చెయ్యి చాపితే దోనె అంచు తగిలింది. పిల్లని లాగి గుండెకి హత్తుకుని, చెవిలో కూడా అదే పేరు చెప్పింది.

'ఎన్నిసార్లే అమ్మా పిలుస్తావ్, వినబడింది కదా' అంది ఆ గడుగ్గాయి.

మరి తిరిగి రావడం ఎలా? ఒడ్డు కనబడదు. కానీ అత్తగారు పిలుపు ఆపితేగా! నడుం లోతు చన్నీళ్ళలో నిలబడి, పిలుస్తూనే ఉంది. ఆ పిలుపు పట్టుకునే వరాలు తెప్పని రేవుకి తెచ్చింది.

సాయంత్రం పంతులుగారు తీర్థం నుంచి వచ్చారు. అత్తగారికి గొంతు పూర్తిగా పోయింది. అయినా వెళ్ళి, పెద్దావిడ పేరు పలికాను, ప్రాయశ్చిత్తం ఏమిటో చెప్పండని గుసగుసగా అడిగింది. ఆయనకి కళ్ళు చెమర్చాయి. 'నేను ముప్ఫై ఏళ్ళుగా జపం చేస్తున్నాను తల్లీ. ఈ పొద్దున మీరిద్దరూ పిలిచినట్టు ఒక్కసారి పిలవలేదు' అన్నారు. 'పేరు పెట్టిననాడు ఇంట్లో ఎవరు పిలుస్తారని అడగాలని నాకే తోచలేదు, తప్పు నాది' అని కూడా అన్నారు. పెద్దమనిషి కదా, ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత ఆ ఊళ్ళో పద్ధతి కాస్త మారింది. దీపాలు వెలిగించే ముందు మూడు పేర్లూ కన్నతల్లి చేత పైకి పలికిస్తారు. తల్లి పలకలేని పేరుకి దీపమే పెట్టరు.

ఆ రాత్రి ఇంటికొచ్చాక అత్తగారు కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుంది. 'నీ నోటికి అడ్డం పడ్డాను అయిదేళ్ళు. పేరు మార్చేద్దామా?' అంది.

'వద్దత్తా. ఇంత కష్టపడి నేర్చుకున్నాను' అంది వరాలు.

ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత అత్తగారు చాలా మెల్లిగా అంది. 'నాకూ ఒక పేరుందే. మా నాన్న గంగమ్మకి మొక్కుకుని పెట్టాడు. భాగీరథి. పద్నాలుగేళ్ళకి ఈ ఇంటికి వచ్చాను. అప్పటినుంచి కోడలినయ్యాను, వదిననయ్యాను, అమ్మనయ్యాను, అత్తనయ్యాను. మా అమ్మ పోయాక ఆ పేరుతో నన్ను పిలిచిన మనిషి లేదు. నలభై ఏళ్ళయింది. ఒక్కసారి పిలవ్వే.'

అత్తగారి పేరు! అయినా వరాలు ఆవిడ చెయ్యి పట్టుకుని పిలిచింది.

'భాగీరథీ.'

'ఓయ్' అంది ఆవిడ ఆ పోయిన గొంతుతోనే, వీధిలో ఆడుకునే చిన్నపిల్ల పలికినట్టు. 'ఇంకోసారి.'

'భాగీరథీ.'

'ఓయ్. ఇంకొక్కసారి.'

కథేమో కంచికి,
పడవేమో రేవుకి,
పిల్లేమో పక్కలోకి,
నిద్రేమో కంటికి.