కడుపు నింపుకొని రావలసిన ఆదెమ్మ గుడి

బూరగవలసలో గెడ్డ వాగు దాటగానే, ఏటిగట్టు పక్కన కనిపించే చిన్న గుడి ఆదెమ్మ తల్లిది. గర్భగుడిలో విగ్రహం లేదు. పసుపు రాసిన చదును రాయి ఒకటి ఉంటుంది. ఈ గుడికి ఉపవాసంతో రాకూడదు. ఈ మాట గుడి కమిటీ వాళ్లం గేటు మీద రాయించాం, మైకులో చెప్పిస్తున్నాం. అయినా భక్తులు తెల్లవారకముందే కడుపు మాడ్చుకుని వచ్చి వరసలో నిలబడతారు. అమ్మవారి కోసం మంచినీళ్లు కూడా ముట్టలేదని గొప్పగా చెబుతారు. వాళ్లను వెనక్కి పంపి, ఉప్మా తినిపించి, మళ్లీ వరసలో నిలబెట్టేసరికి మా ప్రాణం విసిగిపోతోంది. అందుకే అసలు కథ ఇక్కడ రాస్తున్నాం. దయచేసి చదవండి.

పూర్వం ఇక్కడ సన్యాసినాయుడనే రైతు ఉండేవాడు. అతని తల్లి ఆదెమ్మ. కాపురానికి వచ్చిన నాటి నుంచి పళ్లన్నీ ఊడి, మునిమనవల పెళ్లిళ్లు చూసేదాకా ఆ ఇంటిని ఏలింది. తోడికోడళ్లకు పురుళ్లు పోసింది, కరువులో సంసారాన్ని గట్టెక్కించింది. ఊరంతటికీ ఆమె అంటే ప్రాణం. కానీ ఆమెతో వేగడం ఎవరి తరమూ కాలేదు. ఇంట్లో చివరి పిల్ల తినేదాకా ఆమె ముద్ద ముట్టదు. అది చాలదన్నట్టు దారిన పోయేవాళ్లను ఆపి తిన్నారా అని అడుగుతుంది. తిన్నామంటే నమ్మదు, చెయ్యి వాసన చూస్తుంది. కొడుకులు బతిమాలారు, అలిగారు. ఒకసారి కంచం ముందు పెట్టి బయట గడియ వేశారు. ఆమె ఆ అన్నం కాస్తా కిటికీలోంచి గొర్రెల కాపరికి అందించేసింది.

నిండుగా బతికి ఆదెమ్మ కన్నుమూసింది. పెద్దకర్మ నాడు పిండం తెచ్చి ఈ రాతి మీదే పెట్టారు. కాకి ముట్టేదాకా ఎవరూ తినకూడదు. చెట్ల నిండా కాకులున్నాయి, ఒక్కటీ దిగలేదు. పోయినవాళ్లకు తీరని కోరిక ఏదో ఉంటేనే ఇలా జరుగుతుందని పెద్దలు అన్నారు. తల్లి ఆత్మకు శాంతి లేకుండా పోతుందేమోనని సన్యాసినాయుడు వణికిపోయాడు. ఆమె ఆవును అమ్మనన్నాడు. ఆమె కమ్మలు పెద్ద మనవరాలికే ఇస్తానన్నాడు. తమ్ముడితో గట్టు తగాదా మానేస్తానని అందరి ముందూ దండం పెట్టాడు. కాకులు చూస్తూ కూర్చున్నాయి. ఎండ నడినెత్తికి వచ్చింది. పిల్లలు ఆకలికి ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లుతున్నారు.

సన్యాసినాయుడి కోడలు అప్పలనరసమ్మకు ఓపిక నశించింది. పెద్దలు వారిస్తున్నా వినకుండా పిల్లలందరినీ కూర్చోబెట్టి అన్నం కలిపి పెట్టింది. అపచారమంటూ పురోహితుడు లేచి నిలబడ్డాడు.

"పాపం నాకే తగల్నీ పంతులు బాబూ. పిల్లలేడుస్తుంటే మా మామ్మ ఏనాడైనా తిన్నాదేటి?" అంది ఆమె.

చివరి పిల్ల చెయ్యి కడుక్కునేసరికి ఒక కాకి దిగి పిండం ముట్టింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అప్పలనరసమ్మ మాత్రం ఆ రాతి ముందు కూలబడి ఏడ్చింది.

"సచ్చినాక కూడా ఆకర్నే తింటావేటి మామ్మా" అంది.

తరవాత కళ్లు తుడుచుకుని, మగవాళ్లకు వడ్డించడానికి గరిటె అందుకుంది. సన్యాసినాయుడు ఆ గరిటె తీసేసుకున్నాడు.

"మాయమ్మ ఏడేడి అన్నం తినడం మేమెవులమూ సూడనేదు. నువ్వు కూకోమ్మా" అన్నాడు.

నాటి నుంచి ఇక్కడ పిల్లలు, భక్తులు, అర్చకుడు తిన్నాకే తల్లికి నైవేద్యం. ఏటా ఆమె పోయిన తిథినాడు జరిగే సంబరంలో పిల్లలు తినగానే ఇంటి ఆడవాళ్లు పంక్తిలో కూర్చోవాలి, మగవాళ్లు వడ్డించాలి. అలా చేసిన ఇంట అన్నానికి లోటు ఉండదని, పెద్దలు నిండు నూరేళ్లు ఉంటారని నమ్మకం. అయితే ప్రతి ఏడూ ఒకటే తంతు. రెండు ముద్దలు తినీ తినకముందే ఒకావిడ లేచి పచ్చడి గిన్నె అందుకుంటుంది. ఆమెను చూసి ఇంకొకావిడ. కూర్చోమంటే, పిల్లలు తిన్నారా అని మమ్మల్నే అడుగుతారు. ఎప్పుడో తిన్నారంటే నమ్మరు. కాబట్టి వాళ్లను తీసుకువచ్చే మగవాళ్లకు మనవి. దూరంగా నిలబడి కబుర్లు చెప్పుకోకండి. విస్తరి పక్కనే ఉండి, కూర చల్లారకముందే వాళ్లు తినేలా చూడండి. ఆ తల్లిని కూర్చోబెట్టడం ఎలాగూ ఎవరి వల్లా కాలేదు.